అత్త ముఖంలో నేను చదవలేనిది

సోమవారం పొద్దున క్యాతగానచెర్లు దగ్గర సోలార్ పార్కులో ప్యానెళ్లు తుడిపిస్తుంటే మా మేనత్త కూతురు ఫోన్ చేసింది. "బావా, అమ్మ పాయ," అంది. మింగుడు పడక, నెమ్ము చేసి అత్త వారంగా ఆసుపత్రిలో ఉంది. ఏడేళ్లుగా ఆమెకు పార్కిన్సన్స్ జబ్బు. మొదటి రెండేళ్లు అది జబ్బని మాకెవరికీ తెలియదు. నన్ను వదలనివి ఆ రెండేళ్లే.

అత్త చేను పార్కు కిందికి పోయింది. తాను శెనక్కాయ వేసిన నేలలోనే ప్యానెళ్లు తుడిచే పనికి చేరింది. ఆ గుంపుకు నేను సూపర్‌వైజర్ని. తన వరస అందరికన్నా ముందు ముగించి, వెనకబడిన వాళ్లకు సాయం పట్టేది. "దుమ్ముకు నీదీ నాదీ అని ఉండాదా?" అనేది. ఒకచోట మాత్రం ఆగి కాలితో నేల తట్టేది. "ఈడే అల్లుడా, మా బోరు ఉండె."

పోనుపోను ఆమె వరస ముగిసేది కాదు. కుడి చెయ్యి బిగుసుకుపోయేది. భుజం నొప్పనుకుని సూదులు వేయించుకునేది. ఒకరోజు అందరి ముందూ అరిచాను.

"పనికొచ్చినావా అత్తా, కూర్చునేకి వచ్చినావా?"

"చెయ్యి నా మాట ఇనల్యాదప్పా," అంది.

ఆ ముఖంలో బాధ లేదు, సిగ్గు లేదు, కోపమూ లేదు. లెక్కలేనితనం అనుకున్నాను. కాంట్రాక్టరుతో చెప్పి ఆమెను పనిలోంచి తీయించాను. ఇంటికెళ్లి ఆ సంగతి చెబితే "సరేలేప్పా" అని మజ్జిగ తెచ్చిచ్చింది. చేతిలో గ్లాసు వణికింది. వయసనుకున్నాను.

మరదలు పట్టుబట్టాక బెంగళూరుకు నేనే వెంట వెళ్లాను. అక్కడి డాక్టరమ్మకు తెలుగు వచ్చు. అత్తను నడిపించి, వేళ్లు ఆడించమని చూసి, జబ్బు పేరు చెప్పింది. "ముఖం కదలకపోవడం కూడా ఈ జబ్బే. లోపల అన్నీ ఉంటాయి, పైకి కనబడవు," అంది. నేను తల వంచుకున్నాను.

మెదడు కణాల్లో ఒక ప్రోటీన్ వంకర తిరిగి ముద్దలు కడుతుందట.

"పాలు ఇరిగినట్లా తల్లీ?" అంది అత్త.

"దాదాపు అంతేనమ్మా. ఆ ముద్దల్ని చూసి శత్రువులనుకుని ఒళ్లు కొట్లాడుతుంది. దాంతో లోపల వాపు."

"ఇంట్లో వాళ్లతోనే కొట్లాటా!"

ఆ వాపు గుర్తులు, ఆ ప్రోటీన్ జాడలు రక్తంలో ముందుగానే దొరుకుతాయా అని ఆ ఆసుపత్రి వాళ్లు పరిశోధన చేస్తున్నారు. రక్తం ఇస్తారా అని అడిగారు. మీకు మాత్రం దీనివల్ల మేలేమీ ఉండదని కూడా చెప్పారు.

"ముందే తెలిసింటే ఎవురూ తిట్టరు గదా? తీసుకో తల్లీ," అని చెయ్యి చాపింది. నన్నే అన్నదేమో. చూస్తే ఆ ముఖం ఏమీ చెప్పలేదు.

మాత్రలతో కొన్నాళ్లు తేలికపడింది. బెంగళూరు వెళ్లిన ప్రతిసారీ అడిగేది, "నా నెత్తురు ఏమన్నా చెప్పిందా?" అని. ఇంకా లేదంటే, "కానీలే, అదీ నా మాదిరే నిదానం," అనేది.

ఆ అయిదేళ్లూ బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఒక్కసారి మొదలుపెట్టాను. "అత్తా, ఆ పొద్దు పార్కులో నేను..."

"కిటికీ మూయప్పా, దుమ్మొస్తాండాది," అంది. మూశాను. మళ్లీ ఆ మాట ఎత్తలేకపోయాను. ఆమె వద్దనలేదు. నాకే ధైర్యం చాలలేదు.

కర్మంతరం రోజుకు ఫొటో వెతికాం. జబ్బు ముదిరాక తీసిన ఏ ఫొటోలోనూ ఆమె నవ్వలేదు. చివరికి పెట్టె అడుగున పార్కు గుర్తింపు కార్డు దొరికింది. పనిలో చేరిన రోజు ఆ ఫొటో తీసింది నేనే. "కార్డుకు నవ్వగూడదు అత్తా," అన్నాను. ఆ మాటకే పగలబడి నవ్వింది. దాన్నే పెద్దది చేయించాం. చామంతి దండ మధ్య, కళ్లు సగం మూసుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఉంది.