అల్వీనా పెట్టిన పథ్యం

అల్వీనాకి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ కోపంతోనే రొట్టెల పిండి పిసికేది, ఆ కోపంతోనే పాలు పితికేది. కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా తిండి దగ్గర వంకలు పెట్టిందంటే అదే కోపంతో నోట్లో కుక్కేది. లెప్పాలహ్తి ఊళ్ళో ఆమె చేతి తిండి తినకుండా పురుడు పోసుకున్న ఆడది లేదు. అలాగని ఆమె మంత్రసాని కాదు, వైద్యం అసలే రాదు. సరస్సు ఒడ్డున రెండావులు, కాస్త బంగాళాదుంపల చేను, ఆవిరిస్నానం చేసే పాత కర్రదుంగల సౌనా ఉన్న మామూలు విధవరాలు.

వేవిళ్ళతో ఎవరైనా మంచం దిగలేకపోతే, లేవకముందే నమలమని ఎండిన రై గింజల రొట్టె అంచు దిండు పక్కన పెట్టేది. మలబద్ధకం అంటే అవిసెగింజలు నానబెట్టి ఆ జిగురు తాగించేది. చేతికి తగిలితే మంటపెట్టే దురదాకును వసంతంలో లేతగా కోసి, ఎండబెట్టి, పొడిచేసి, ఏడాదంతా బార్లీ జావలో కలిపి పెట్టేది, రక్తం పడుతుందని. నెలలు నిండాకగానీ రాస్ప్‌బెర్రీ ఆకు కషాయం ఇచ్చేది కాదు, ముందే ఇస్తే నొప్పులు తొందరపడతాయని. అన్నీ తెలిసి చేసేదని కాదు. కుందేలు మాంసం తింటే బిడ్డకు పెదవి చీలుతుందని ఆమె గట్టి నమ్మకం. కాదన్నవాళ్ళతో నెల రోజులు మాట్లాడేది కాదు.

ఆ ఊరి ఆడవాళ్ళకు ఒక కట్టడి ఉండేది. కడుపుతో ఉన్నదాని చెవిన చెడ్డమాట పడకూడదు, బిడ్డకు తగులుతుంది. కాన్పయ్యాక బాలింత ముందు అసలే ఎత్తకూడదు, పాలు విరిగిపోతాయి. కాబట్టి కడుపుతో ఉన్న పిల్ల కన్ను వాచిపోయి కనిపిస్తే, ఎవడు కొట్టాడే అని ఎవరూ అడిగేవారు కారు. ఇంటికెళ్ళి కాస్త వెన్న తెచ్చి ఇచ్చేవారు. పెదవి చిట్లితే మెత్తటి జావ తెచ్చేవారు. ఎంత చక్కటి ఆచారమో చూడండి! కొట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

అల్వీనా మొగుడి పేరు హెర్మన్ని. వాడు ఆమెను కొట్టేవాడు. బూటుకాలితో తన్నేవాడు. ఆ తన్నులకు ఆమె కడుపులో ఇద్దరు పోయారు. ఊరి ఆడవాళ్ళు ఆ రెండుసార్లూ చేపల పులుసు పట్టుకొచ్చి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళారు. మిగిలినవాడు తౌనో ఒక్కడే. వాడికి పదేళ్ళప్పుడు హెర్మన్ని తాగి గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుంటే మంచు పగిలి మునిగిపోయాడు. ఊరంతా ఏడ్చింది. అల్వీనా అందరికీ కాఫీ పెట్టింది.

తౌనో పెరిగి పెద్దవాడై యుద్ధానికి వెళ్ళొచ్చాడు. అడవిలో చెట్లు కొట్టే పనికి కుదిరాడు. ఇంపి అనే పిల్లను చేసుకున్నాడు. ఇంపి గొంతు పక్కవాళ్ళకు కూడా వినపడదు, అంత నెమ్మది. పెళ్ళైన మూడో వారమే వాడు ఆ పిల్లను గుమ్మానికేసి కొట్టాడు. యుద్ధం మనిషిని అలా చేసిందిలే పాపం అన్నారు ఊళ్ళోవాళ్ళు. మరి హెర్మన్నిని ఏ యుద్ధం చేసింది? వాడు పక్క ఊరి సంత దాటి ఎరగడు.

ఇంపికి మొదటి కడుపు ఆరో నెలలో పోయింది. బూట్లు ఆరలేదని తన్నాడు. ఆ రాలిన బిడ్డను అల్వీనాయే గుడ్డలో చుట్టి చర్చి ప్రహరీ పక్కన పాతిపెట్టి వచ్చింది. వచ్చి కొడుకుతో ఒక్క మాట అనలేదు. చేతులు కడుక్కుని, కోడలికి దూడ కాలేయం వేయించి పెట్టింది. ఆమె అనుకున్నదేమిటో వింటే మీకు ఒళ్ళు మండుతుంది. ఈసారి పిల్లకు బాగా తిండి పెట్టాలి, లోపల బిడ్డ గట్టిగా అతుక్కుంటే బయటి దెబ్బ ఏం చేస్తుందిలే అనుకుంది. తన్నులకు విరుగుడు తిండిలో వెతికింది. తన తల్లి అలాగే చేసింది, ఆమె తల్లీ అలాగే చేసింది.

రెండో కడుపు నిలవగానే మొదలుపెట్టింది. పొద్దున దురదాకు పొడితో జావ. మధ్యాహ్నం ముల్లు మెత్తబడేదాకా ఉడికించిన చిన్న చేపలు, ఎముక గట్టిపడుతుందని. సాయంత్రం తోడుపెట్టిన పాలు, అడవిలో ఏరుకొచ్చిన పుల్లటి ఎర్రపళ్ళ గుజ్జు. ఆవు ఈనితే జున్నుపాలు మొత్తం ఇంపికే. తనకు మాత్రం రొట్టె, ఉప్పునీళ్ళు. ఇంపి వద్దనేది కాదు. పెట్టింది పెట్టినట్టు తినేది, కంచం కడిగేది, కొడితే పడేది. దెబ్బ తగిలిన చోట అల్వీనా పచ్చి బంగాళాదుంప తురిమి పట్టీ వేసేది.

తల్లీబిడ్డల కేంద్రం నుంచి ఒక నర్సు సైకిలు మీద వచ్చేది. ఇనుము మాత్రలు ఇచ్చేది, అల్వీనా వాటినీ లెక్కగా మింగించేది. ఒకరోజు నర్సు ఇంపి మెడ మీది రుమాలు తీసి చూసి, ఇదేమిటని అడిగింది. ఆవు తన్నిందని అల్వీనా చెప్పింది.

"ఆవు తన్నిందా? మరి గొంతు కూడా అదే పట్టుకుందా?" అంది నర్సు.

అల్వీనా మండిపడింది. కడుపుతో ఉన్న పిల్ల ముందు ఏం కూతలవి అని ఆమెను సైకిలు దాకా తరిమినంత పని చేసింది. కానీ ఆ మాట లోపల ముల్లులా దిగి ఉండిపోయింది. ఆ రోజు జావ పోస్తుంటే కోడలి మెడ మీద కొడుకు వేళ్ళు ఒక్కొక్కటీ కనిపించాయి. కంటి ముందే ఉన్నవాటిని ఆమె ఇన్నాళ్ళూ తలపైకెత్తి చూడలేదు.

ఇంపికి నొప్పులు శనివారం మధ్యాహ్నం మొదలయ్యాయి. శనివారం ఎలాగూ సౌనా కాచే రోజు. ఆ ఊళ్ళో పిల్లలందరూ సౌనాలోనే పుట్టారు. వెచ్చగా ఉంటుంది, వేడినీళ్ళు చేతికందుతాయి, పొగపట్టిన గోడలకు పురుగూ పుట్రా ఉండదు. అల్వీనా కింది బల్ల మీద గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి కోడలిని పడుకోబెట్టింది. నర్సు కోసం పొరుగింటి సంత్రాను పంపింది. ఆవిరి కోసం పొయ్యి మీద పేర్చిన రాళ్ళు ఎర్రగా కాలుతున్నాయి. కాగులో నీళ్ళు తెర్లుతున్నాయి.

అప్పుడే తౌనో అడవి నుంచి వచ్చాడు, పీకలదాకా తాగి. వంటింట్లో కుండ మూత ఎత్తి చూశాడు. చేపల పులుసు అడుగంటా అయిపోయింది. నెలలు నిండిన పిల్లకు బలం కావాలని అల్వీనా ఉన్నదంతా పొద్దున్నే పెట్టేసింది. కుండ గోడకేసి కొట్టిన చప్పుడు సౌనా దాకా వినపడింది.

అల్వీనా బెదరలేదు. సౌనాలో గొంతు పెంచకూడదన్నది ఆ సీమలో పాలతోపాటు పట్టించే బుద్ధి. అక్కడే పుడతారు, చచ్చాక అక్కడే కడుగుతారు. హెర్మన్ని అంతటివాడు కూడా ఆ గడప లోపల ఎప్పుడూ చెయ్యెత్తలేదు. తౌనో తలుపు తోసి గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె వాడి ముఖం చూసి, వెనక్కి పోతాడు అనుకుంది. వాడు తల వంచుకుని లోపలికి వచ్చాడు.

"నా కూడు తిని ఇక్కడ పడుకున్నావటే?" అంటూ ఇంపి జుట్టు పట్టి బల్ల మీద నుంచి కిందికి లాగాడు.

అల్వీనా వాడి చెయ్యి పట్టుకుంది. వాడు మోచేత్తో వెనక్కి పొడిచాడు. ఆమె ముందరి పళ్ళు రెండు ఊడి నోట్లోనే ఉన్నాయి. లేచి మళ్ళీ పట్టుకుంది. ఈసారి ఎత్తి గోడకేసి విసిరాడు. పక్కటెముక విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది. ఇంపి నేల మీద రెండు చేతులతో కడుపు కప్పుకుని ముడుచుకుంది. అరవలేదు. ఆ పిల్లకు అరవడం రాదు. తౌనో బూటుకాలు వెనక్కి తీశాడు. అచ్చం హెర్మన్ని తీసినట్టే తీశాడు, అదే కాలు, అదే ఊపు.

అల్వీనా కాగులో చెక్క ముంత ముంచి, ఆ తెర్లే నీళ్ళు వాడి ముఖం మీద కొట్టింది.

వాడు పెట్టిన కేక సరస్సు అవతలి ఒడ్డుకు వినపడిందంటారు. ఆ కేక ఆమెకు తెలుసు. చిన్నప్పుడు కందిరీగ కుడితే పెట్టిన కేకే, అప్పుడు పరిగెత్తుకొచ్చి ఆమె ఒళ్ళో పడ్డాడు. ఇప్పుడు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. గోడ పట్టుకుని లేవబోయాడు. ఆమె మళ్ళీ ముంచి, మెడ మీద, భుజం మీద పోసింది. పోస్తూ ఏడ్చింది. కన్నకొడుకు చర్మం తన చేతి నీళ్ళకు ఉబ్బుతుంటే ఏ తల్లి ఏడవదు? ఏడుస్తూనే వాడి చంకల కింద చేతులు వేసి ఈడ్చి, బయట మంచులో పడేసి, తలుపు గడియ పెట్టి, కోడలి దగ్గరకు వచ్చి కూచుంది.

సంత్రా, నర్సు వచ్చేసరికి వాడు మంచులో ముఖం పెట్టి మూలుగుతున్నాడు. గుర్రపు బండి మీద వాడిని పట్నం ఆసుపత్రికి పంపారు. చీకటి పడకముందే ఇంపికి ఆడపిల్ల పుట్టింది. సన్నగా ఉన్నా గట్టి పిల్ల, తల్లి గొంతు కూడా కలిపి తనే ఏడ్చింది.

తరువాతి వారం ఊరి ఆడవాళ్ళంతా ఆచారం ప్రకారం బాలింత తిండి పట్టుకుని వచ్చారు. చేప పెట్టి కాల్చిన పెద్ద రొట్టె, వెన్న ముద్ద, జున్ను. సంత్రా అయితే యుద్ధానికి ముందు నుంచి దాచుకున్న అసలు కాఫీ గింజలు తెచ్చింది. కాఫీ వాసనకు ఇల్లంతా పండగలా ఉంది. ఇంపి మంచం మీద ఆనుకుని కూచుని జున్ను తింటోంది. తౌనో పేరు ఎవరూ ఎత్తలేదు. కాగు జారి పడిందని అందరూ ముందే కూడబలుక్కున్నారు. అల్వీనా మీద ప్రేమతోనే అనుకున్నారు, అందులో అబద్ధం లేదు.

అంతలో పోలీసు రైసానెన్ వచ్చాడు. అతని పెళ్ళాం కూడా అల్వీనా జావ తాగి ఇద్దరిని కన్నదే. టోపీ తీసి, కాఫీ తీసుకుని, మొహమాటంగా కూచున్నాడు. ఆసుపత్రికి వెళ్ళొచ్చానని, ఒక కన్ను పోయిందని, రెండోది బాగానే ఉందని చెప్పాడు. కాగు జారి మీద పడిందని తౌనో కూడా చెప్పాడట. తల్లి చేతిలో దెబ్బతిన్నానని చెప్పుకోవడానికి వాడికి సిగ్గు మరి.

"నువ్వు కూడా ఆ మాట అంటే అయిపోయింది పిన్నీ," అన్నాడు రైసానెన్. "వచ్చే నెల వాణ్ణి ఇంటికి పంపించేస్తారట."

ఇంపి చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది. అల్వీనా అది చూసింది. ఏడుస్తున్న పిల్లను ఒళ్ళో ఊపుతున్న సంత్రాను చూసింది. వీళ్ళంతా కలిసి ఎంత ప్రేమగా వాడికి దారి తెరుస్తున్నారో చూసింది.

"జారలేదు," అంది, ముందరి పళ్ళు లేని నోటితో. "నేనే పోశాను."

బాలింత ముందు ఏం మాటలవి అని సంత్రా ఆమె చెయ్యి గిల్లింది. అల్వీనా ఆ చెయ్యి విదిలించుకుంది.

"బాలింత ముందే చెప్తాను. విరిగితే విరగనీ పాలు. వాడు దీని కడుపు మీద తన్నబోయాడు. మొదటి బిడ్డను అలాగే చంపాడు, నేనే పాతిపెట్టాను. నర్సమ్మ అడిగితే ఆవు తన్నిందన్నాను. మీ అందరికీ తెలుసు. వెన్న తెచ్చిచ్చారు."

రైసానెన్ కాఫీ కింద పెట్టాడు. ఒకసారి కంగారులో పోశావని రాసుకుంటానులే, దానికి పెద్ద శిక్ష ఉండదు అన్నాడు.

"రెండుసార్లు పోశాను. రెండోసారి వాడు మోకాళ్ళ మీద ఉన్నాడు."

"అప్పుడెందుకు పోశావు పిన్నీ?"

"లేస్తాడని."

అతను టోపీ చేతిలోకి తీసుకున్నాడు. ఇది చెప్పాక తీసుకెళ్ళక తప్పదని, కొన్ని నెలలైనా జైల్లో ఉండాల్సి వస్తుందని గొణిగాడు. అల్వీనా లేచి కోటు వేసుకుంది. విరిగిన ఎముక పక్కన చెయ్యి పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "వాడికి నా మాటగా చెప్పు నాయనా. ఈ ఇంటి గడప తొక్కితే మళ్ళీ పోస్తాను."

"నువ్వు జైల్లో ఉంటావు కదమ్మా," అన్నాడు రైసానెన్, జాలిగా.

అప్పుడు మంచం మీద నుంచి ఇంపి గొంతు వినపడింది. ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ గదిలో ఎవరికీ తెలియదు.

"నేనుంటాను అత్తా. నువ్వొచ్చేదాకా రోజూ నీళ్ళు నేను కాస్తాను."

అని, చెంచా ఎత్తి జున్ను తినసాగింది.