నత్తి మేష్టారి బటను

నాకు చిన్నప్పటి నుంచి నత్తి. అన్ని మాటలకూ కాదు. త, ప, మ, ఈ మూడింటితో మొదలయ్యే మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు బిగుసుకుపోయేది. మా రొంపిచెర్లలో అందరికీ అది అలవాటే. నేను మాట మొదలుపెట్టి ఆగిపోతే, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఉండేవాళ్ళు. ట్రైనింగు పూర్తిచేసి నరసరావుపేటలో ఒక హైస్కూల్లో సైన్సు మేష్టారుగా చేరాక అలా కుదరలేదు. క్లాసులో పిల్లలంతా నా నోటివంక చూస్తూ ఎదురుచూసేవారు. వాళ్ళు ఎదురుచూసేకొద్దీ మాట మరింత లోపలికి పోయేది.

అరవైల మొదట్లో, నేను చేరిన రెండో ఏడు, ఎవరో దాత మా బడికి స్లైడు ప్రొజెక్టరు ఇచ్చాడు. రెండు గాజు పలకల మధ్య బిగించిన చిన్న బొమ్మను పక్కనుంచి చేత్తో తోస్తే, ఎదురుగా కట్టిన తెల్లపంచె మీద గుండెకాయ తలుపంత అయి కనపడేది. యంత్రం గది వెనక బల్ల మీద ఉండాలి. నేను ముందు, తెర పక్కన ఉండాలి. బొమ్మలు మార్చే పని మా అటెండరుకి అప్పజెప్పారు. ఆయన యాభై దాటిన మనిషి, నాదెండ్ల దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. ఆదివారాలు చర్చిలో డోలు వాయించేవాడు. చదువు లేదు. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాణ్ణి.

ఒక బొమ్మ గురించి చెప్పడం అయిపోయాక నేను "తర్వాతది" అనాలి. సరిగ్గా ఆ మాటే నాకు రాదు. "మార్చు" అన్నా అంతే. "నెక్స్ట్" అని చూశాను. రెండు రోజులు హాయిగా పలికింది. మూడో రోజుకి ఆ 'నె' కూడా పట్టేసింది. కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో, ఎవరి మొహం ఎవరికీ కనపడదు కాబట్టి, నేను "త... త..." అంటుంటే వెనక బెంచీలోంచి ఎవడో "తర్వాతదీ!" అని అందుకునేవాడు. గదంతా నవ్వు.

ఆ ఏడంతా అలాగే గడిచింది. మరుసటి ఏడు బడి తెరిచిన కొత్తలో, ఒకరోజు నేను నోరు తెరవకముందే బొమ్మ మారిపోయింది. గంట కొట్టి పిల్లలు వెళ్ళాక అడిగాను.

"ఏంది బాబాయ్, నేను చెప్పకుండానే మార్చేశావు?"

"మీరు చానా కష్టపడతన్నారని మార్చా సారూ. తప్పయితే చెప్పండి."

తప్పేమీ లేదు. కానీ పిల్లల నవ్వుకంటే ఆయన జాలి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ సాయంత్రమే బజార్లో రేడియోలు బాగుచేసే కొట్టుకి వెళ్ళాను. గది ఈ చివర నేను ఏదో ఒకటి నొక్కితే ఆ చివర ఉన్న మనిషికి తెలియాలి, నోటితో పనుండకూడదు, అన్నాను. కొట్టాయన ఎందుకని అడగలేదు.

"కాలింగ్ బెల్లు పెట్టుకోండి మేష్టారూ," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం బాబాయ్, నేను కలిసి పని మొదలుపెట్టాం. నా బల్ల అంచుకి బటను బిగించాం. దాని నుంచి తీగను గోడ వెంబడి, కిటికీల మీదుగా లాగి, వెనక బల్ల దగ్గర బెల్లుకి కలిపాం. నేను స్టూలు ఎక్కి మేకులు కొడుతుంటే, ఆయన కింద నిలబడి తీగ మెలికపడకుండా వదిలాడు. నొక్కగానే గణగణ మోగింది. ఇద్దరం తెగ సంతోషపడ్డాం.

సోమవారం పాఠం మధ్యలో నొక్కాను. పక్క గది పిల్లలు ఇంటర్వెల్ అనుకుని వరండాలోకి పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకే హెడ్మాస్టరు గారు వచ్చారు. ఆయన బెల్లు వంక చూసి వెళ్ళిపోయారు. మర్నాడు బెల్లు తీసేసి, దాని చోట టార్చిలైటు బల్బు పెట్టాం. రెండు బ్యాటరీలతో మిణుకుమిణుకుమంది. తీగ పొడవు మరి. మూడోది కలిపితే బాగా వెలిగింది. వెలుగు తెర మీద పడకుండా ఖాళీ పౌడరు డబ్బా కోసి, బల్బుని అందులో కూర్చోబెట్టాడు బాబాయ్. ఇప్పుడు పిల్లలంతా రిమోట్ అంటున్నారే, నాకు తెలిసిన మొదటి రిమోట్ అదే. నేను నొక్కితే బల్బు, బల్బు వెలిగితే బాబాయ్ చెయ్యి, ఆ చేత్తో బొమ్మ.

నాలుగైదు నెలలు నా అంత సుఖపడ్డవాడు లేడు. గదిలో నవ్వులు ఆగిపోయాయి. పాఠాలు తొందరగా అయిపోయేవి. గంట కొట్టేలోపు రెండు పాఠాల బొమ్మలు చూపించిన రోజులున్నాయి. ఎక్కడైనా మాట అడ్డంపడబోతోందని తెలిస్తే చాలు, నొక్కేసేవాణ్ణి. కొత్త బొమ్మ వచ్చేది, కొత్త మాట అందుకునేవాణ్ణి. ఆ సంగతి నాకు నేనుగా గమనించుకోలేదు.

ఒకరోజు గది సర్దుతూ బాబాయ్ అడిగాడు.

"ఒక మాటంటా, ఏమనుకోరుగా సారూ?"

"చెప్పు."

"ఆ గుండెకాయ బొమ్మలో ఎర్ర గొట్టం, నీలం గొట్టం ఉంటయ్యి గదా. ఏది యాడికి పోద్దో ఇదివరకు నాకు తెలిసేది. ఈ ఏడు పిల్లకాయల్ని అడిగితే వాళ్ళకీ తెలవటంలా."

నేను గాజు పలకలు తుడిచి పెట్టెలో పెడుతున్నాను.

"అప్పుడు మీరు మాట కోసం ఆగేవోళ్ళు. మీరు ఆగినంతసేపూ మేం బొమ్మ చూసేవోళ్ళం. ఇప్పుడు చూసేలోపే బల్బు ఎలుగుద్ది."

నాకు కోపం వచ్చింది. నా నత్తి వాళ్ళకి పనికొచ్చిందని చెబుతున్నాడా ఈయన అనిపించింది. రెండు రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. మూడో రోజు పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. గుండె బొమ్మ వేసినవాళ్ళలో సగానికి పైగా గొట్టాలు తారుమారు చేశారు. ముందటేడు అలా జరగలేదు.

బటను తీసేద్దామా అనుకున్నాను. ధైర్యం చాలలేదు. చివరికి బల్ల అంచున బిగించిన బటను ఊడదీసి, ఇంకొంచెం తీగ అతికి, పిల్లల బెంచీ మీద పెట్టాను. రోజుకొక బెంచీ. "మీకు అర్థమయ్యాక మీరే నొక్కండి, అంతదాకా బొమ్మ కదలదు," అని చెప్పాను. అది చెప్పడానికి చాలాసేపే పట్టింది. మొదటిరోజు సరదాకి టకటకా నొక్కారు. రెండోరోజు వెనక బెంచీవాళ్ళే కేకలేశారు, "ఒరేయ్, ఇంకా గీసుకోలా, ఆగండ్రా!" అని.

వారం తిరిగేసరికి ఒక్కో బొమ్మ పావుగంట నిలబడేది. బొమ్మ నిలబడితే ప్రశ్నలు వస్తాయి. ప్రశ్న వస్తే జవాబు చెప్పాలి, నొక్కి తప్పించుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు. త దగ్గర ఆగేవాణ్ణి, ప దగ్గర ఆగేవాణ్ణి. ఒకటి రెండుసార్లు నవ్వారు. తర్వాత వాళ్ళకి గీసుకునే పని ఎక్కువై, నా నోటివంక చూడటం మానేశారు. బాబాయ్ మాత్రం వెనక నుంచి ప్రశ్నలడిగే పిల్లలతోపాటు తనూ అడగడం మొదలుపెట్టాడు. "ఆ నీలం గొట్టం ఊపిరితిత్తుల్లోకా సారూ?" అన్న రోజు పిల్లలు చప్పట్లు కొట్టారు. నా నత్తి తగ్గలేదు. అది తగ్గేది కాదని అప్పటికి ఒప్పుకున్నాను.

మరో రెండేళ్ళకి నాకు మాచర్ల బదిలీ అయింది. ఆ బడిలో ప్రొజెక్టరు లేదు, కరెంటు కూడా ఆఫీసు గదికే. మొదటి క్లాసులో బోర్డు ముందు నిలబడి, అంతవరకూ ఎవరి ముందూ పైకి అనని మాట అన్నాను. "నాకు నత్తి ఉంది. మాట వచ్చేదాకా మీరు కాస్త ఆగాలి."

ముందు వరసలో ఒక పిల్ల లేచి, "ఎంతసేపు సార్?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

"నాకూ తెలియదమ్మా," అన్నాను.

ఆ పిల్ల సరేనని కూర్చుని పుస్తకం తెరిచింది. నేను పాఠం మొదలుపెట్టాను.