కోడలి సీసాలో మందు లేదు

వీధి చివరి మేడమీద వాటాలో ఉండే కోడలికి నోరు ఎంత గట్టిదో చెయ్యి అంత మెత్తన. నోరు పుట్టుకతో వచ్చింది, చెయ్యి ఉద్యోగంతో వచ్చింది. ఒక చిన్న కంపెనీలో ఆమె ఎంజైమ్ తయారుచేస్తుంది. మనిషి కాలేయంలో ఉండే ఎంజైమే అది. దాన్ని పుట్టించే మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెడతారు. ఆ బ్యాక్టీరియా, పాపం, ఎవరి పనో తమ నెత్తిన వేసుకుని చేసుకుపోతూ ఉంటాయి. వాటిని గాజు కుప్పెల్లో పెంచి, ఆ కణాలను పగలగొట్టి, ఆ కలగాపులగంలోంచి ఎంజైమ్ ఒక్కదాన్నే వేరుచేసి, చిటికెనవేలంత సీసాల్లో నింపడం ఆమె పని. వెచ్చబడితే పాడు, నురగొస్తే పాడు. చేరిన కొత్తలో గబగబా గిలకొట్టి ఒక బ్యాచ్ మొత్తం మట్టిపాలు చేసింది. ఆ దెబ్బతో ఇప్పుడు ఇంట్లో కాఫీలో పంచదార కలిపినా చెంచా చప్పుడు కాదు. "నువ్వు కలిపేలోపు నాకు జుట్టు నెరిసిపోతుంది" అని మొగుడు వేళాకోళం చేస్తాడు.

మామగారు మాత్రం కోడలి ఉద్యోగం చూసి తెగ మురిసిపోయేవారు. ఆయన దర్జీ. కుట్టుమిషన్‌కు సెలవిచ్చి చాలాకాలమైంది గాని నోటికి ఇవ్వలేదు. ఒకరోజు భోజనాల దగ్గర "మేం చేసేది మనిషి కాలేయంలో ఉండేదే మావయ్యగారూ" అని కోడలు అంటే, ఆ ముక్క పట్టుకుని వీధిలోకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అది "మా కోడలు కాలేయానికి మందు చేస్తుంది" అయి కూర్చుంది. సీసా మీద "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని ఉంటుంది. ఆ చీటీలు అతికించేది కోడలే. అయినా ఆయన సంబరం చూసి, పోనీలే, ఎవరికేం నష్టం అనుకుంది.

ఆ నష్టం ఒక సెలవురోజు పొద్దున్నే చేతిలో ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వచ్చింది సెలూన్ నడిపే ఆయన. మామగారికి ప్రాణస్నేహితుడు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేంత చనువు. అతని భార్యకు కొన్నాళ్ళుగా కాలేయం జబ్బు.

"బావా, నీ కోడలి మందు కాస్త ఇప్పించు. చల్లగా ఉంచాలటగా, ఐసు కూడా తెచ్చుకున్నాను. డాక్టరు మాత్రలు మీ చెల్లెలికి పడట్లేదు, ఒకటే వికారం. నిన్నటి నుంచి మానిపించేశాను."

"దానికేం భాగ్యం!" అని మామగారు కోడలి వైపు చూశారు. వంటింట్లోంచి మంచినీళ్ళు తెమ్మన్నంత ధీమాగా చూశారు.

నిజం చెబితే స్నేహితుడి ముందు మామగారి పరువు పోతుంది. ఊరుకుంటే అక్కడ మనిషి ప్రాణం మీదికొస్తుంది. కోడలు మెల్లగా, ఎవరూ నొచ్చుకోకుండా చెబుదామనే అనుకుంది. ఆ నోరు వింటేగా!

"బాబాయిగారూ, అది మందు కాదు! కొత్త మందు ఒంట్లోకి వెళ్తే కాలేయం దాన్నేం చేస్తుందో ముందే గాజుగొట్టంలో చూసుకోడానికి పరిశోధన చేసేవాళ్ళు కొనుక్కునే సరుకు. మింగితే ఏ జబ్బూ తగ్గదు. మావయ్యగారు పొరపాటు పడ్డారు. మందుల గురించి నాకు ఓనమాలు కూడా తెలీవు. పిన్నిగారి మాత్రలు మీ అంతట మీరు మానిపించడమేంటండీ? ఇవాళే డాక్టరుకి చూపించండి!"

సెలూనాయన ఫ్లాస్కు కేసి చూసుకుంటూ నిలబడిపోయాడు. మామగారు లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. నాలుగు గోడల మధ్య చెప్పాల్సింది నలుగురిలో చెప్పానే, నా నోరు పడిపోను, అని కోడలు తనని తనే తిట్టుకుంది. ఆయన నొచ్చుకున్నారంటే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చారు.

"పద బావా, చెల్లెల్ని తీసుకుని వెళ్దాం. అమ్మాయ్, నువ్వూ రా."

దారి పొడుగునా ఆయన కోడలి వైపు తిరక్కుండా స్నేహితుడి పక్కనే నడిచారు. తిట్టినా ఆమెకు ఇంత భయంగా ఉండేది కాదు. కోడలు పిన్నిగారి చెయ్యి పట్టుకుని వెనకాలే నడిచింది.

డాక్టరు పరీక్షలన్నీ చూసి, మాత్రలు మానడం ప్రమాదమని నలుగురినీ కలిపి కేకలేశాడు. వికారం తగ్గడానికి వేరే మాత్ర రాసిచ్చాడు. తొందరగా రావడం మంచిదైందని, ఇంకొన్నాళ్ళు ఆగితే కష్టమయ్యేదని అన్నాడు. రమ్మన్నదెవరని అడిగితే సెలూనాయన కోడలిని చూపించాడు.

"మీరు మందుల లైన్లో ఉన్నారామ్మా?" అన్నాడు డాక్టరు.

కోడలు జవాబు చెప్పేలోపే మామగారు ముందుకొచ్చారు.

"లేదండీ. మా ఇంట్లో తెలీనిది తెలీదని చెప్పే మనిషి ఈ పిల్లొక్కతే. అందుకే వెంట తెచ్చుకున్నాం."