ఒకే నంబరున్న రెండు చిప్పులు

ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ తర్వాత ఇద్దరమూ సుఖంగానే ఉన్నాం. మొన్న పాత రేకుడబ్బా సర్దుతుంటే ఎనిమిది కాళ్ళ నల్ల చిప్పు ఒకటి వేలికి గుచ్చుకుని, నా తెలివి తెల్లారిన రోజులు గుర్తుకొచ్చాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. హిందూపురంలో టీవీలు బాగుచేసుకునే నేను, ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా బావ మగ్గానికి, డిజైను నడిపే చిల్లుల అట్టల బదులు మైక్రోకంట్రోలర్ పెట్టె బిగిస్తానని మాటిచ్చాను. అంచు డిజైను ఒక మెమరీ చిప్పులో, కొంగుది ఇంకోదాంట్లో. పెట్టె నుంచి రెంటికీ అవే రెండు తీగలు. బావ నన్ను నమ్మి, బత్తలపల్లి పెళ్ళివారి చీరకు అట్టలు కొట్టించడమే మానేశాడు. ముహూర్తానికి చీర అందకపోతే ఆ మగ్గానికి ఇక పని ఇవ్వనన్నాడు షావుకారు.

జానెడు నేసేసరికి అంచులో చిలకలు రావలసిన చోట కొంగులోని మామిడిపిందెలు వచ్చాయి. బావ పల్లెత్తు మాట అనకుండా మగ్గం దిగి బయట కూర్చున్నాడు.

"చిలకలు యాడికి పోయినాయిరా? పిందెలు జూసి బెదురుకున్యాయా?" అంది అక్క.

పెట్టె చంకన పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను. పెనుకొండలో బస్సు ఆగినప్పుడు కిందనుంచి ఎవరో "ఏమప్పా!" అని కేకేస్తే, కిటికీల్లోంచి పది తలలు బయటికొచ్చాయి, నాదీ అందులో ఒకటి. అప్పుడు వెలిగింది. ప్రతి చిప్పుకీ దాని నంబరు చెప్పడానికి మూడు కాళ్ళుంటాయి. టీవీలో నేను చూసింది ఎప్పుడూ ఒకే మెమరీ చిప్పు కనుక ఆ మూడింటినీ గ్రౌండుకు, అంటే సున్నా వోల్టులకు, అతికించడం నాకు అలవాటు. ఇక్కడ రెండు చిప్పులకీ అదే చేశాను. ఒక్క నంబరుకు రెండూ పలికి, చివర ఎక్కించిన కొంగునే రెండూ రాసుకున్నాయి. మర్నాడు ఒకదాని నంబరు మారేలా దాని కాలొకటి లేపి ఐదు వోల్టులకు కలిపి, డిజైన్లు మళ్ళీ ఎక్కించి ధర్మవరంలో బిగిస్తే చిలకలు వచ్చి వాలాయి. చీర ముహూర్తానికి అందింది.

ఇప్పుడు గోరంత చిప్పులో ఊరి చీరలన్నీ పడతాయి, ఎవరు పలకాలన్న పేచీ లేదు. బావ మగ్గమూ లేదు. దాని చప్పుడు మీద గొంతు పెంచి మాట్లాడే అలవాటు మాత్రం అక్కకు పోలేదు.

చీర ఇచ్చివచ్చిన రోజు బావకు నంబర్ల సంగతంతా విప్పి చెప్పి, మరి నన్నెందుకు తిట్టలేదని అడిగాను.

"ఎట్ల తిట్టేదప్పా? ఈ ఇంట్లో నీదీ మీ అక్కదీ ఒకటే నంబరు. నిన్నొక మాటంటే ఆయమ్మ పలుకుతాది" అన్నాడు.