కోలలెత్తి ఆగిన చోటు

మొన్న ఉగాదికి ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంట్ల పిల్లలు కోలాటం నేర్చుకుంటున్నారు. ఫోన్‌లో పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన ఫిడేలు పాట సాగుతూ సాగుతూ ఒకచోట ఒకే స్వరం మీద నిలిచిపోయింది. పిల్లలంతా కోలలు పైకెత్తి కదలకుండా నిలబడ్డారు. కొత్తగా చేరిన చిన్నది "క్యోం?" అంది, ఎందుకని. "యహా రుక్‌నా హోతా హై, బస్" అంది మా అమ్మాయి, ఇక్కడ ఆగాలంతేనని, అదేదో వేదవాక్కయినట్టు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లూ చెమర్చాయి.

ఆ ఫిడేలు మా మావయ్యది. గోదావరి మధ్య లంకలో పుట్టి పటాలంలో చేరిన మనిషి. తొంభైల్లో ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లో, ఫిడేలు గుండెకు ఆనించుకుని, పిల్లలం మేం కోలాటం ఆడుతుంటే మా పాదాలకేసే చూస్తూ వాయించేవాడు. వాళ్ల లంకలో అదే పద్ధతట. "కాళ్ల ఎనకాల ఫిడేలు నడవాలి గానీ, ఫిడేలు ఎనకాల కాళ్లు పరిగెత్తకూడదమ్మా" అనేవాడు. మేం తడబడితే తనూ నెమ్మదించేవాడు, ఊపందుకుంటే తనూ అందుకునేవాడు. కాకినాడలో పెరిగి, కోల పట్టి ఎరగని మా అత్తయ్యకు పెళ్లయ్యాక ఆయనే నేర్పాడు. ఆవిడ మాకు నేర్పింది, మొగుడి కంటే కఠినంగా.

ఒక చలికాలం ఆయనకు సరిహద్దుకు బదిలీ అయింది. వెళ్లేముందు క్వార్టర్లోనే కూర్చుని పాటను క్యాసెట్‌లోకి ఎక్కించి అత్తయ్యకిచ్చాడు. అందులో ఒకచోట ఫిడేలు ఒకే స్వరం మీద ఆగేది, వెనక ఏదో హోరు. అక్కడ కోలలెత్తి ఆగమంది అత్తయ్య. ఎందుకని అడిగే ధైర్యం మాకెక్కడిది, ఆగాం. ఉగాది సభకు ఆవిడ కంటోన్మెంటులో కనిపించినవాళ్లనల్లా పిలిచింది. పిలిచిన దగ్గర్నుంచీ బెంగే. ఆయన లేనప్పుడు ఆయన ఊరి పాట నలుగురిలో చెడిపోతే, ఇక ఆయన ముఖం ఎలా చూడడమని.

అనుకోకుండా మావయ్యకు సెలవు దొరికింది. ఉగాది ఉదయమే రైలు దిగి, ఫిడేలు తీసుకుని తిన్నగా స్టేజీ ఎక్కాడు. కలిసి ఒక్కసారైనా ఆడి చూసుకునే వ్యవధి లేదు. ఆట మంచి ఊపు మీదుండగా ఆ చోటు వచ్చింది. మేమంతా కోలలెత్తి ఆగిపోయాం. ఫిడేలు ఆగలేదు, ముందుకు పోయింది. మాతో ఆడుతున్న అత్తయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. మావయ్య మా పాదాలకేసి చూశాడు. పాటను వెనక్కి తెచ్చి, ఒకే స్వరం మీద నిలబెట్టి, అత్తయ్య కాలు కదిలేదాకా కమాను లాగుతూనే ఉన్నాడు. జనం అదే గొప్ప విద్య అనుకుని చప్పట్లు కొట్టారు.

స్టేజీ దిగాక, "క్యాసెట్ ఎక్కించేటప్పుడు అక్కడ పాలం ఎయిర్‌పోర్టులో దిగే విమానం వచ్చిందే పిచ్చిదానా, మోత తగ్గేదాకా ఆగాను" అన్నాడు నవ్వుతూ.

"తెలుసండి. మీరు ఆగినచోట దాటి పోబుద్ధి కాలేదు" అంది అత్తయ్య.

ఆయన మరి నవ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడు వాయించినా అక్కడ ఆగేవాడు.

మావయ్య పోయాడు. లంకలో ఆ పాట ఇంకా వాయిస్తున్నారో లేదో తెలియదు. ఆ విమానం ఎప్పుడో దిగిపోయింది, అందులోని వాళ్లు ఎవరిళ్లకు వాళ్లు చేరిపోయారు. మేం మాత్రం ఏటా ఉగాదికి, అది వెళ్లేదాకా ఆగుతూనే ఉన్నాం.