ఫిడేలు తలకంటిన పసుపు

పోయిన నెల నేను ఇక్కడ భూపాలపల్లిలో మా అమ్మాయి వాళ్లింట్లో ఉండగా ఒక పొడుగాటి అట్టపెట్టె వచ్చింది. మా మనవరాలికి పదో ఏడు నడుస్తోంది. ఫోనులో పాఠం చెప్పే టీచరమ్మ ఎవరో దొరికిందని, వయొలిన్ నేర్చుకుంటానని అది రెండు నెలలుగా తల్లి ప్రాణం తోడేస్తుంటే, దాని ముచ్చట మూన్నాళ్లదో కాదో తెలియకుండా కొనడమెందుకని అల్లుడు హైదరాబాదు నుంచి ఒకటి అద్దెకు తెప్పించాడు. పెట్టె విప్పి, లోపలి నల్ల సంచి జిప్పు లాగి, దాన్ని మంచం మీద పడుకోబెట్టేసరికి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. అది కొత్తది కాదు. మెడ మీద వేళ్లు పెట్టాల్సిన చోట్ల సన్నని కాగితపు ముక్కలు అంటించి ఉన్నాయి, వాటి మీద ఎవరో చిన్నపిల్ల పెన్సిలుతో స రి గ మ అని రాసుకుంది. ‘గ’ సరిగా కుదరలేదేమో, రెండుసార్లు దిద్దింది.

ఎవరెవరి చేతులు పడ్డాయో ఏమోనంటూ మా అమ్మాయి దూదీ, స్పిరిట్ సీసా పట్టుకొచ్చి ఆ కాగితాలను గోటితో లేపబోయింది. ముట్టకు, అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత గట్టిగా వచ్చిందంటే, లోపలి గదిలోకి పోబోతున్న అల్లుడు గడప మీదే ఆగిపోయాడు. అందరూ నా వంక చూస్తుంటే నాకే సిగ్గేసి, పిల్లకు గుర్తులుంటే సులువు కదా అని ఏదో సర్దిచెప్పాను. అసలు సంగతి అప్పుడు వాళ్లకు చెప్పలేదు. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

మాది జనగామ. నాన్నను బాపు అనేవాళ్లం, ఆయనకు బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. అమ్మే సామాను ముందరి అరల్లో తళతళలాడుతుంటే, వెనుక అర్రలో పెళ్లిళ్లకు కిరాయికిచ్చే గంగాళాలూ బగోనలూ మా పేరు చెక్కించుకుని బోర్లించి ఉండేవి. బచ్చన్నపేట దాకా, లింగాల ఘనపూర్ దాకా ఎడ్లబండ్ల మీద పోయి వచ్చేవి. సామాను తిరిగొచ్చాక బాపు ప్రతి గిన్నెలోకీ తల దూర్చి చూసేవాడు. ఎక్కడైనా అన్నం మెతుకో, అడుగున మాడు మరకో కనిపించిందా, తెచ్చినవాడికి ఆ రోజు మంగళహారతే. “కిరాయి సామాను తోమకుండ ఇచ్చుడంటే ఎంగిలి చెయ్యి ముందల వెట్టినట్టు” అనేవాడు. ఇక మా ఇంట్లో అమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కింటి నుంచి చారెడు చక్కెర తెచ్చుకున్న గిన్నెను కూడా చింతపండుతో రుద్ది రుద్ది, అందులో నాలుగు బెల్లం ముక్కలైనా వేసి పంపించేది. ఖాళీ గిన్నె తిరిగి పోకూడదు, మురికి గిన్నె అసలే పోకూడదు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఇంట్లో విన్న ధర్మశాస్త్రమంతా ఇంతే.

అలాంటి ఇంట్లో నాకు ఫిడేలు పిచ్చి ఎలా పట్టిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. వరంగల్ నుంచి ఒక సంగీతం పంతులు వారానికి మూడు రోజులు రైల్లో వచ్చి స్టేషను దగ్గరి ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు. ఒకసారి ఎవరింట్లోనో పేరంటానికి పోయి అది విని, తొమ్మిదేళ్లదాన్ని రెండు రోజులు అన్నం మానేశాను. బాపు దిగివచ్చాడు. కానీ పిల్లలు పట్టుకునే చిన్న ఫిడేలు మా జనగామలో ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు పంతులుగారే చెప్పారు, రెండు వీధుల అవతల పటేలమ్మగారింట్లో ఒకటి ఉందని, వాళ్ల పాప రెండేళ్ల కింద జ్వరంతో పోయిన దగ్గర్నుంచీ అది పెట్టెలోనే ఉందని. లింగాల ఘనపూర్ దిక్కు భూములున్న కుటుంబం వాళ్లది. కూతురి చదువు కోసం జనగామలో ఇల్లు తీసుకున్నారట, కూతురు పోయినా ఆమె ఊరికి తిరిగి పోలేదు.

బాపు నన్ను వెంటబెట్టుకుని పోయి కిరాయి మాట ఎత్తాడు. ఆమె కిరాయి వద్దంది. ప్రతి శుక్రవారం సాయంత్రం పిల్లను పంపించండి, ఆ వారం నేర్చుకున్నది నా ముందు వాయించి పోవాలి, అంతే అంది. ఊరికే వచ్చిన వస్తువు బాపుకు ముల్లులా గుచ్చుకుంటుంది. దారి పొడుగునా గొణుక్కుంటూనే వచ్చాడు, తిరిగి ఇచ్చేనాడు దాన్ని వచ్చినదానికంటే మంచిగా చేసి ఇస్తానని అప్పుడే మనసులో ముడివేసుకున్నాడు. ఆ ముడి దగ్గరే అంతా జరిగింది.

మన ఫిడేలు ఎలా పట్టుకుంటారో మీకు తెలుసు కదా. చాప మీద కూర్చుని, కుడికాలు కాస్త ముందుకు చాపి, చుట్టలా చెక్కిన ఫిడేలు తలను ఆ పాదం మీద ఆనిస్తారు. సరస్వతికి కాలు తగిలించడమేమిటని మా అమ్మ మొదట్లో చెంపలేసుకుంది. మొదటి శుక్రవారం నేను పటేలమ్మగారి ముందటి అర్రలో కూర్చుని కాలు చాపగానే ఆమె వచ్చి, మెత్తటి పాత చీరముక్కను నాలుగు మడతలు పెట్టి నా పాదానికీ ఫిడేలు తలకూ మధ్య ఉంచింది. పెట్టే ముందు ఆ తలను నా వైపు తిప్పి చూపింది. చెక్కిన వంపులో, చెక్క రంగులోకి ఇంకిపోయిన పసుపు మరక. “గిది మా బిడ్డ కాలి పసుపు. శుక్రారం శుక్రారం తలకు వోసి కాళ్లకు పసుపు రాస్తుంటి, ఆరకముందే కూసునేది. జర పైలం బిడ్డా” అంది. నేను తల ఊపాను.

ఇంట్లోనూ అలాగే బట్ట వేసుకుంటుంటే అమ్మ అడిగింది, పటేలమ్మగారింట్లో అలాగే వేస్తారు అన్నానే తప్ప ఎందుకో చెప్పలేదు. సరస్వతి మీద గౌరవం కొద్దీ పెట్టారు కాబోలు, ఎంత ఆచారం తెలిసిన మనిషి అని అమ్మ మురిసిపోయింది. నేనలాగే అనుకోనిచ్చాను. పెద్దవాళ్లకు తెలియనిదొకటి నా దగ్గర ఉందన్న గొప్ప నాకు.

దాదాపు రెండేళ్లు అలా పోయాను. ఆమె నా ఎదుట కూర్చునేది కాదు, నా వెనుక గోడకు ఆనుకుని కూర్చునేది. నా ముఖం కనబడకుండా ఫిడేలు మాత్రం వినబడాలని అలా కూర్చునేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టుండి నిటారుగా కూర్చునేదాన్ని. ఒకనాడు జంట స్వరాల్లో పైకి పోతూ ఒకచోట వేలు తప్పింది. ఆగిపోయాను. వెనుక నుంచి ఆమె చాలా మెల్లగా, “అది గూడ గక్కడ్నే తప్పేది” అంది. ఆ గొంతులో నవ్వుంది. అంతకుముందెన్నడూ ఆమె నవ్వగా వినలేదు నేను.

ఇక ఆ తరువాత వచ్చిన ప్రతి శుక్రవారం నేనక్కడ కావాలనే తప్పాను. తక్కిన రోజుల్లో పంతులుగారి ముందు శుభ్రంగా వాయించేదాన్ని, శుక్రవారం మాత్రం ఆ వేలు పావు అంగుళం జారేది. పిల్లచేష్టే కావచ్చు. కానీ ఆ అర్రలో, ఆ తప్పు దగ్గర, వెనుక కూర్చున్న ఆమెతో పాటు ఇంకెవరో కూడా ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఉండేది నాకు. భయం వేసేది కాదు. ఆ పిల్లా నేనూ ఒకే బడిలో చదువుకుంటున్నట్టు ఉండేది.

పదకొండో ఏట నా చేతులు సాగాయి, చిన్న ఫిడేలు పొట్టిదైంది. బాపు హైదరాబాదు పోయి నాకు సొంతంగా పెద్ద ఫిడేలు కొనుక్కొచ్చాడు. మా వంశంలో అలాంటి వస్తువు కొన్నవాడు తనేనని దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఇక అరువు ఫిడేలును తిరిగి ఇచ్చే వేళ వచ్చింది, బాపు మనసులోని ముడి విప్పే వేళ కూడా అదే. వేసవి సెలవులని పంతులుగారు ఊరికి పోయారు, ఉన్నా ఆయన్ను అడగాలని బాపుకు తోచేది కాదు. మా దుకాణం పక్కన వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించి, దీన్ని అద్దంలా చేయమన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. ఈ మాట రాయడానికే ఇంత దూరం వచ్చాను. వడ్లాయన తీగలు విప్పి, బిరడాలు ఊడదీసి, ఉప్పుకాగితంతో మొదట వీపు రుద్దాడు, తరువాత పక్కలు, తరువాత మెడ. సన్నని పొడి రాలుతుంటే కింద చెక్క లేతగా, కొత్తగా బయటపడుతోంది. నాకు ముచ్చటగా ఉంది. తల దగ్గరికి వచ్చేసరికి ఆ చీరముక్క గుర్తొచ్చింది, ఆమె అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆపమనడానికి ఒక్క మాట చాలు. కానీ బాపు పక్కనే నిలబడి, అగో ఆ వంపులో మరక ఉండిపోయింది చూడు అని తానే వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటాడు. అమ్మ అనుకున్నది తప్పని కూడా తేలుతుంది. ఆ తళుకు చూస్తే ఆమెకూ సంతోషమే అవుతుందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. మా ఇంట్లో పుట్టిన పిల్లకు మరక అంటే పోవాల్సినదే కదా. వడ్లాయన కాగితాన్ని మొనలా మడిచి వంపులోకి దూర్చి నాలుగుసార్లు తిప్పాడు. పోయింది. ఆ పైన మంచం కోళ్లకు వేసే వార్నిష్ రెండు పూతలు వేసి, ఆరాక పాత తీగలే మళ్లీ బిగించాడు.

శుక్రవారం నాడే తిరిగి ఇవ్వడానికి పోయాం. అమ్మ నాకు తలంటి, కాళ్లకు పసుపు రాసి పంపింది. ఫిడేలు పెట్టెలో కొత్త తీగల పొట్లం, రవికెగుడ్డ, కొబ్బరికాయ, పావుసేరు చక్కెర పెట్టాం, ఖాళీగా పోకూడదు కదా. పటేలమ్మగారు పెట్టె తెరిచింది. ఆమె చెయ్యి తిన్నగా తల దగ్గరికే పోయింది. బొటనవేలితో ఆ వంపును తడిమింది, కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తిప్పి చూసింది, ముక్కుకు ఆనించుకుంది. వార్నిష్ వాసన నాకు నిలబడ్డచోటికే కొడుతోంది.

“తోమిచ్చిన్రా సేటూ” అని అడిగింది.

“మీ సామాను మీకు అద్దమోలె ఇస్తున్ననమ్మా, పుణ్యానికి వాడుకున్నమంటరా మరి” అన్నాడు బాపు, ముఖమంతా వెలిగిపోతూ.

“మంచిగ చేసిన్రు” అందామె. నన్ను కూర్చోమని, చివరిసారి వాయించి పొమ్మంది. నేను చాప మీద కూర్చుని, అలవాటుగా చీరముక్క కోసం చెయ్యి చాచాను. అది ఎప్పుడూ ఉండేచోటే, గూట్లో మడత పెట్టి ఉంది. ఆమె దాన్ని తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

“ఇగ బట్టెందుకు బిడ్డా” అంది.

నా పసుపు పాదం మీదే ఫిడేలు తల ఆనించాను. జలుబు చేసిన మనిషి గొంతులా మూగగా పలికింది, రంగు పూస్తే గొంతు పోతుందని తరువాత పంతులుగారు తల పట్టుకున్నారు. నేను జంట స్వరాలే వాయించాను. ఆ చోటు రాగానే తప్పాను. వెనుక నుంచి ఏ మాటా రాలేదు. ఇంకోసారి మొదటి నుంచి అందుకుని మళ్లీ అక్కడే తప్పాను. అర్రలో ఎవరూ లేనట్టే ఉంది. లేచి ఫిడేలు ఎత్తేసరికి కొత్త వార్నిష్ మీద నా కాలి పసుపు అంటి ఉంది. లంగా అంచుతో తుడవబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. పట్టుకున్న చెయ్యి వదలడానికి చాలాసేపు పట్టింది.

ఆ తరువాత ఆ వీధిలోకి నేను పోలేదు. బడికి చుట్టుదారిన పోయేదాన్ని. ఏడాది తిరగకుండానే ఆమె ఇల్లు ఖాళీ చేసి ఊరికి పోయిందన్నారు. నా సొంత ఫిడేలు మంచిదే, కానీ కాలు చాపినప్పుడల్లా చెయ్యి బట్ట కోసం వెతికేది, జంట స్వరాలు దాటి పోతున్నా ఆ వేలు అక్కడ జారుతూనే ఉండేది. అప్పుడది నేను కావాలని చేసింది కాదు. పంతులుగారు విసిగిపోయారు, పెళ్లయ్యేనాటికి పెట్టె మూతపడింది. బాపు మాత్రం చనిపోయేదాకా ఆ కథ చెప్పుకున్నాడు. కిరాయి సామాను మురికిగా తెచ్చినవాడిని కూర్చోబెట్టి, మేము తెచ్చుకున్న ఫిడేలును ఎలా అద్దంలా చేసి ఇచ్చామో వినిపించేవాడు. విన్న ప్రతిసారీ లేచి లోపలికి పోయాను. ఆయనకు నేను చెప్పలేదు, చెప్పకపోవడం ఒక్కటే ఆయనకు చేయగలిగిన మేలనుకున్నాను.

మొన్న మనవరాలు ఆ కాగితపు అక్షరాల మీద వేళ్లు పెట్టి చూసుకుంటూ, ఇది ఎవరిది అమ్మమ్మా అని అడిగింది. పెట్టె మీద ఒక నంబరు అంటించి ఉంది, తిరిగి పంపేటప్పుడు శుభ్రం చేసి పంపాలని ఒక చీటీ కూడా పెట్టారు. ఆ పిల్ల ఎవరో, మానేసిందో, పెద్దదయిందో, ఏమైందో ఆ నంబరుకు తెలియదు. మా రోజుల్లో అద్దె వస్తువు వెనుక ఒక ఇల్లుండేది, ఆ ఇంటికి ఒక గడప ఉండేది, దాన్నెక్కి తప్పయిందని చెప్పుకునే వీలుండేది. ఆ వీలు ఉన్నన్నాళ్లూ నేను చుట్టుదారిన నడిచాను. ఇప్పుడు దారి ఒక్కటీ లేదు. మా మనవరాలు సాయంత్రం చాప వేసుకుని కాలు చాపితే, నా పాత చీరను నాలుగు మడతలు పెట్టి మధ్యన ఉంచుతున్నాను. ఎందుకని అడిగింది అది. ఈసారి దాచుకోకుండా దానికంతా చెప్పాను.