రోడ్డు కింద పీర్ల గుండం

1998 ఎండాకాలం. మాదాపూర్‌లో హైటెక్ సిటీ భవనం లేస్తోంది, దానికి వెళ్లే రోడ్డును వెడల్పు చేస్తున్నారు. నేను సర్వేయర్‌ని. అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఏ గీత వెంట పోవాలో, నేల మీద గుర్తు పెట్టడం నా పని.

పాత ఊరి పీర్ల కొట్టం ఎదుట ఒక గుంత ఉండేది. లోపల ఎండుటాకులు, గుట్కా కవర్లు. సర్వే షీట్‌లో ‘పాడు గుంత, పూడ్చాలి’ అని రాశాను. వారంలో మొరం పోసి రోలర్ తిప్పారు.

తర్వాత బాలయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. హిందువే అయినా, తండ్రి మొక్కు కొద్దీ మొహర్రం ఊరేగింపులో ఊరి పెద్ద పీరును ఎత్తేది ఆయనే.

“సారూ, గీడ గుండముండె. ఏమాయె?”

“పాడుబడ్డదనుకొని పూడ్చేశాం.”

“పదకొండు నెలలు గట్లనే ఉంటది. ఎల్లుండి నెల పొడుస్తది. గుద్దలి ఏడ ఎయ్యాలె?”

మొహర్రం నెలవంక కనబడగానే ఆ చోటే తవ్వి, పండుగ పది రోజులూ అందులో నిప్పు వేస్తారట. పక్కనున్న ఖాళీ జాగా చూపించాను. ఆయన నవ్వాడు.

“మీ పొయ్యి పక్కింట్ల పెడ్తె మీకు బువ్వొస్తదా? మా తాత తొక్కిన నిప్పులు గీ మట్టిలనే ఉన్నయ్.”

మా ఇంజనీరు డ్రాయింగ్ చూశారు. గుండం ఫుట్‌పాత్‌లోకి వస్తోంది. “ట్రీ పిట్ అని చూపించండి, ఎవరూ అడగరు” అన్నారు. చెట్టు కోసం వదిలే మట్టి జాగాను అలా అంటారు.

“రేపు ఎవరైనా చెట్టు నాటితే?”

ఆయన పెన్సిల్ నా చేతికిచ్చారు. “అయితే ఉన్నదే రాయండి.”

‘పీర్ల గుండం. సిమెంటు వేయరాదు, ఏటా తీసేందుకు వీలుగా విడి బండలు పరవాలి’ అని రాశాను.

నెల పొడిచిన సాయంత్రం బాలయ్య వేసిన మొదటి దెబ్బకే గుద్దలి ఎగిరిపడింది.

“మస్తు గట్టిగ చేసిండ్రు సారూ. ఇగ మీరే జర గడ్డపార పట్టుండ్రి.”

పట్టాను. జానెడు లోతున మొరం అయిపోయి నల్లటి బూడిద కనిపించింది. బాలయ్య చిటికెడు తీసి నుదుటికి రాసుకున్నాడు.

బాలయ్య పోయాడని మొన్ననే తెలిసింది. ఆ ఏడాది తర్వాత ఎక్కడికి వెళ్లినా, పరికరం నిలబెట్టే ముందు ఊరివాళ్లనెవరినైనా పిలిచి, ఈ జాగాలో ఏడాది పొడుగునా ఏమేం జరుగుతాయని అడిగేవాణ్ణి. ఓపిగ్గా చెప్పేవాళ్లు. చెప్పాక చాలామంది ఒకే మాట అనేవాళ్లు.

“గింతవరకు ఎవ్వరడగలే సారూ.”